రాజమండ్రి పంచాంగం

డెలానీపూర్, పోర్టుబ్లెయిర్
1974 జనవరి 20

చిరంజీవి శాంతకుమారికి అన్నయ్య ఆశీస్సులు.

నువ్వు రంగత్ నుంచి పడవలో పంపిన కందదుంపలు చేరాయి. మీ వదిన రెండు పూటలా అవే వండుతోంది. మద్రాసు ఓడ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఈ ఊరికి ఉల్లిపాయ అనేది ఒక జ్ఞాపకం మాత్రమే.

ఇక్కడ మునిసిపల్ ఎన్నికల సందడి మొదలైంది. మా ఆఫీసు గోడ మీద రాత్రికి రాత్రి ఒక పార్టీ గుర్తు వెలిసింది. కడిగించాను. మర్నాటికి ఇంకో పార్టీది వెలిసింది. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడూ సోషలిజం తెస్తానంటాడు. ముందు పంచదార తెమ్మన్నాను. నవ్వి వెళ్లిపోతారు. నేను నవ్వటానికి అనలేదు.

ఇక్కడి జాలరిపేట జంగ్లీఘాట్‌లో ఉండే అప్పలరాముడు గుర్తున్నాడా? మన వీధికి చేపలు తెచ్చే తవిటమ్మ అల్లుడు. దాని కూతురు గురమ్మని వాడికిచ్చి నేనే పెళ్లి చేశాను, ఎనిమిదేళ్లు కావస్తోంది. వాడిప్పుడు వల గూట్లో పెట్టి ఎన్నికలకి నిలబడ్డాడు. ఖద్దరు చొక్కా, చేతికి గడియారం, మాటకి ముందొక హిందీ ముక్క. మొన్న కనిపించి, "నమస్తే పంతులుగారూ, ఆప్ కా ఆశీర్వాద్ చాహియే" అన్నాడు. ఒరే, మీ నాన్న భీమిలి నుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న భాష ఏమైందిరా అన్నాను.

కిందటి ఆదివారం పొద్దున మన తెలుగు సంఘం వాళ్లు ఒక సినిమా వేశారు. హీరో మెట్ల మీంచి జారతాడు. వాడి చేతిలో తాళి ఉంటుంది, ఎందుకో తెలియదు. అది ఎగిరి వెళ్లి హీరోయిన్ మెడలో పడుతుంది. అక్కణ్ణించి ఆ పిల్ల రెండు గంటల సేపు వాడి ఫొటోకి హారతి ఇస్తుంది, జనం కళ్లు తుడుచుకుంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటర్వెల్లో లేచి నిలబడి చెప్పాను: "లగ్నం లేదు, మంత్రం లేదు. ముహూర్తం లేని పెళ్లి పెళ్లి కాదు. ఆ పిల్లని పుట్టింటికి పొమ్మనండి." హాలంతా నవ్వింది. పక్క వరసలో అప్పలరాముడొక్కడే నవ్వకుండా శ్రద్ధగా విన్నాడు. రాజకీయం వల్ల వాడికి పెద్దల మాట వినే బుద్ధి వచ్చిందని సంతోషించాను.

ఉగాదికి కొత్త పంచాంగం రాజమండ్రి నుంచి ఓడలో బయల్దేరిందట. ఈ దీవుల్లో మనవాళ్లకి పురోహితుడు లేక, పగలు పి.డబ్ల్యు.డి.లో గుమాస్తాగిరీ, సెలవు రోజున పౌరోహిత్యం చేస్తూ ఇరవయ్యేళ్లు గడిచాయి. పెళ్లయినా, గృహప్రవేశమైనా, పడవ నీళ్లలోకి దిగినా ఆ పంచాంగం లేకుండా ఇక్కడ ఆకు కదలదు.

మీ ఆయనకి, అంటే మా బావగారు సాంబశివరావుగారికి నా నమస్కారాలు. అడవి శాఖలో ఉద్యోగం కదా, ఆయన సిగరెట్లు కూడా అడవిలోనే కాల్చుకోమను.

ఇట్లు
నీ అన్నయ్య నారాయణమూర్తి


రంగత్
1974 ఫిబ్రవరి 6

అన్నయ్యకి నమస్కారాలు.

సినిమా హాల్లో లేచి ఉపన్యాసమిచ్చే అన్నయ్య నాకు తప్ప ఎవరికి ఉంటాడు? ఆ సినిమా ఇక్కడికీ వస్తుందట. నేను మాత్రం ఏడవటానికే వెళ్తాను. రోజంతా పిల్లల్ని ఏడిపించి అలసిపోతాను, నాకూ కాస్త ఏడుపు కావాలి.

ఇప్పుడొక సంగతి చెప్తాను, కోప్పడకూడదు. ఎనిమిదో తరగతికి రేఖాంశాలు చెప్తున్నాను. ఒక పిల్ల లేచి, "టీచర్, మా మామ్మ వాళ్ల ఊళ్లో ఆరు దాటినా వెలుతురుంటుందట, మనకి ఐదున్నరకే చీకటి ఎందుకు?" అంది. దేశానికంతా ఒకటే గడియారం, మనం తూర్పున ఉన్నాం, సూర్యుడు మనకి ముందే వచ్చి ముందే పోతాడు అని చెప్పి బల్ల మీద లెక్క వేయించాను. రాజమండ్రికీ పోర్టుబ్లెయిర్‌కీ తేడా ముప్పావుగంటకి దగ్గరగా వచ్చింది.

సుద్దముక్క చేతిలో ఉండగానే నువ్వు గుర్తొచ్చావు.

అన్నయ్యా, నీ పంచాంగంలో సూర్యోదయం రాజమండ్రిది. రాహుకాలం, దుర్ముహూర్తం, లగ్నం, అన్నీ అక్కడి సూర్యుణ్ణి బట్టి కట్టినవి. నువ్వు చేతి గడియారం చూసి అక్కడి ముహూర్తానికి ఇక్కడ తాళి కట్టిస్తున్నావు. అంటే ఇరవయ్యేళ్లుగా నువ్వు చేసిన ప్రతి పెళ్లీ ముప్పావుగంట తప్పు! మంచి లగ్నం వెళ్లిపోయాక, ఏ దుర్ముహూర్తమో నడుస్తుండగా తాళి కట్టించి ఉంటావు. నాది కూడా.

రాత్రి భోజనాల దగ్గర ఇది చెప్తే ఆయనకి నవ్వాగలేదు. "అందుకేనా మీ అన్నయ్య నిన్ను నాకు కట్టబెట్టాడు" అన్నారు. మజ్జిగ పోయకుండా లేచిపోయాను.

వదినకి చెప్పు, కొబ్బరి కోరుతో పచ్చడి చేసే పద్ధతి రాయమన్నానని.

నీ చెల్లెలు
శాంత


డెలానీపూర్
1974 ఫిబ్రవరి 17

శాంతకుమారికి,

ఉత్తరం చేరింది. ఆడపిల్లకి భూగోళం చెప్పించినందుకు నాన్నని తలుచుకున్నాను.

సూర్యుడు దీవికొకడు, దేశానికొకడు ఉండడు. ఆ పంచాంగం కట్టినవాళ్లు మీ ఎనిమిదో తరగతి పిల్లలు కారు, నాలుగు తరాల సిద్ధాంతులు. ఇక్కడ సూర్యుడు పంచాంగంలో చెప్పినదానికంటే ముందు వస్తున్నాడని నాకు తెలియకపోలేదు. మొదటి ఏడాదే చూశాను. ఓడ ఆలస్యంగా వస్తుంది, టపా ఆలస్యంగా వస్తుంది, ఈ దీవుల్లో ఏదీ పద్ధతిగా రాదు, సూర్యుడు కూడా అంతే అనుకున్నాను. పుస్తకం ఎందుకు మారాలి?

అయినా నిన్న పొద్దున గడియారం పట్టుకుని డాబా ఎక్కాను. రాజమండ్రిలో సూర్యోదయం ఆరున్నరకి. ఇక్కడ ఆరు కొట్టకముందే ఎండ నా మొహం మీద ఉంది. కిందికి దిగి సంధ్యావందనం చేసుకుందామంటే ఏ వేళకి చేస్తున్నానో నాకే తెలియలేదు. మీ వదిన కాఫీ ఇచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉందన్నాను.

ఈ విషయం ఎవరితోనూ అనవద్దు. మజ్జిగ పోయకపోవటం మాత్రం మంచి పని చేశావు.

నారాయణమూర్తి


రంగత్
1974 మార్చి 2

అన్నయ్యకి,

నీ ఉత్తరంలో దీవెనలు లేవు. నాకు పెళ్లయ్యాక మొదటిసారి. హాస్యానికి రాశాను, నువ్వు డాబా ఎక్కుతావనుకోలేదు. నేను బయట ఎవరితోనూ అనలేదు. అనను కూడా.

వేరే సంగతి. మీ అప్పలరాముడు ఇక్కడ కనిపించాడు. ఈ ఊళ్లో ఒక కలప కాంట్రాక్టరు ఉన్నాడు, మనవాడే. ఎన్నికల్లో వీడి వెనకాల నిలబడేది ఆయనేనట. వారంనుంచి వాళ్లింట్లోనే మకాం. ఆయనకి పెళ్లి కావలసిన కూతురుంది. నిన్న బజారులో కాంట్రాక్టరు భార్య వాణ్ణి "అల్లుడుగారూ" అని పిలవటం నా చెవులతో విన్నాను. గురమ్మ బాగానే ఉందా? దానికో కూతురుండాలి కదూ.

నీ ఆరోగ్యం జాగ్రత్త. ఈసారి దీవెనలు పంపు.

శాంత


డెలానీపూర్
1974 మార్చి 19

చిరంజీవి శాంతకి ఆశీస్సులు.

నువ్వు విన్నది నిజమే. దానికంటే ఎక్కువే ఉంది.

నిన్న పొద్దున తవిటమ్మ వచ్చింది. చేపల బుట్ట లేదు. మన గుమ్మంలోకి బుట్ట లేకుండా ఆవిడ రావటం నేనెప్పుడూ చూడలేదు. మెట్టు మీద కూర్చుని, "బాబూ, మా పిల్ల పెళ్లి పెళ్లి కాదంట గదా" అంది.

"ఎవరన్నారు?"

"మా అల్లుడే అంతన్నాడు. పంతులుగారి గడియారం తప్పంట. ముహూర్తం తప్పంట. రాజమండ్రి టైముకి కట్టేసినారంట. ముహూర్తం నేని పెళ్లి పెళ్లి కాదని మీరే సినిమా హాల్లో సెప్పినారంట. నా తప్పేటీ నేదు, గల్తీ పంతులుగారిది అంతన్నాడు. ఆ కాంట్రాక్టరు పిల్నట్టుకొస్తాడంట. మరి మా గురమ్మ ఏటవుతాది బాబూ?"

వాడి ఎత్తు చూశావా? పెళ్లాన్ని వదిలేస్తే పల్లెకారు, అదే వాళ్ల జాలరి కులం పెద్దలు ఊరుకోరు, జంగ్లీఘాట్‌లో ఒక్క ఓటు పడదు. అసలు పెళ్లే జరగలేదంటే వదిలేసే ప్రశ్నే లేదు. వాడు ఖద్దరు చొక్కా మీద మరక పడకుండా బయటికి నడిచిపోతాడు. ఎనిమిదేళ్లు కాపురం చేసిన పిల్ల ఎవరి ఇంట్లోనో ఊరికే ఉన్న మనిషి అవుతుంది. ఆరేళ్ల కూతురికి ఏ పేరు పెడతారో నేను రాయలేను.

పల్లెకారు ఈ నెలాఖరు ఆదివారం సభ పెట్టుకున్నారు. వాళ్ల కులపెద్ద నూకన్న తీర్పు చెప్తాడు. నన్ను రమ్మని కబురు వచ్చింది.

ఒక్కటి చెప్పు. రాజమండ్రి టైము సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అది అప్పలరాముడి చెవిలో ఎలా పడింది?

అన్నయ్య


రంగత్
1974 మార్చి 22

అన్నయ్యకి,

ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను, టపా కోసం ఆగలేను.

నేను బయట ఎవరితోనూ అనలేదన్నది నిజం. ఆయన అన్నారు. టీ దుకాణంలో, పదిమందిలో, నువ్వు డాబా ఎక్కిన సంగతితో సహా. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను కదా మరి. ఆ పదిమందిలో కాంట్రాక్టరు కూడా ఉన్నాడట. నీకు కిందటి ఉత్తరం రాసేటప్పటికే నాకిది తెలుసు. రాయడానికి చెయ్యి రాలేదు. నా మొగుడు నిన్ను నవ్వులపాలు చేశాడని నా చేత్తో ఎలా రాయను?

ఆయనతో మాట్లాడి రెండు రోజులైంది. నిన్న రాత్రి గుమ్మం దగ్గర నిలబడి, "హాస్యానికన్నాను శాంతా" అన్నారు. "గురమ్మకి చెప్పండి" అన్నాను.

తర్వాత నేనే అడిగాను: మనది కూడా అదే పంచాంగం, అదే గడియారం. మనదీ పెళ్లి కాదంటారా? ఆయన నవ్వలేదు. బిడ్డ పుట్టి పోయిన ఏడాది నేను అన్నం ముట్టనప్పుడు ఈయన సెలవు పెట్టి నా పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెట్టారు. అది నీకెప్పుడూ చెప్పలేదు. మగవాడు వంటింట్లోకి రాకూడదంటావని చెప్పలేదు. ఆ మనిషి నాకు మొగుడు కాకపోతే ఇంకెవరు కావాలి?

అన్నయ్యా, సభలో కాదని చెప్పు. పంచాంగం సరైనదే, మా చెల్లెలికి లెక్కలు రావు అను. నువ్వంటే అందరూ నమ్ముతారు. గురమ్మ బతుకుతుంది, నీ మాటా నిలుస్తుంది. నా లెక్క తప్పని ఎక్కడైనా ఒప్పుకుంటాను.

శాంత


డెలానీపూర్
1974 మార్చి 26

చిరంజీవి శాంతకి ఆశీస్సులు.

నీ లెక్క తప్పు కాదు. డాబా మీద నేను చూసింది నేను చూశాను. సభలో అబద్ధమాడటానికి నేనేమీ ఎన్నికలకి నిలబడలేదు.

ఇక్కడి తమాషా విను. వార్త ఊరంతా పాకింది. సంఘం కార్యదర్శి వచ్చి, అందరికీ కలిపి ఒక శాంతి చేసి, సరైన టైముకి మళ్లీ తాళిబొట్లు కట్టించేద్దాం, దరఖాస్తులు తీసుకుంటాను అన్నాడు. డ్రైవరు గురునాథం భార్య మళ్లీ పెళ్లంటే కొత్త పట్టుచీర కావాలంటోందట. ట్రెజరీలో పనిచేసే ఆయన నన్ను పక్కకి పిలిచి, "మాది నిజంగానే చెల్లదంటారా?" అని ఎంత ఆశగా అడిగాడో! చెల్లుతుంది, ఇంటికి పొమ్మన్నాను.

వీళ్లకి అర్థం కాని ముక్క ఒకటే. మళ్లీ కట్టటమంటే మొదటిది కాదని ఒప్పుకోవటం. ట్రెజరీ ఆయన మళ్లీ కడతాడు, భార్య ఊరుకోదు కాబట్టి. అప్పలరాముడు కట్టడు. వాడు నా నోటినుంచి ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాడు.

మొన్న సాయంత్రం వాడే వచ్చాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ల నాన్న మెట్టు మీద కూర్చునేవాడు. దానికి నాకు కోపం లేదు, ఓట్లొచ్చాక అందరూ కుర్చీల్లోనే కూర్చోవాలి.

"పంతులుగారూ, నేను మిమ్మల్ని బద్‌నామ్ చెయ్యను. మనిషన్నాక గల్తీ హోతా హై. సభలో లేచి, ముహూర్తం తప్పింది అనండి. బస్. మిగతాది నేను చూసుకుంటాను. గెలిచాక డెలానీపూర్‌లో మన గుడికి జాగా ఇప్పిస్తాను."

"గురమ్మ ఏమవుతుందిరా?"

"దానికేం పంతులుగారూ, మళ్లీ శాదీ చేసుకుంటుంది. కుఁవారీయే కదా, పెళ్లికాని పిల్లే."

శాంతా, నాకు చెయ్యి లేచింది. నేను ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషిని కాను. మీ వదిన శేషమ్మ లోపలినుంచి వచ్చి వాడి ముందున్న కాఫీ గ్లాసు తీసేసింది. వాడు తాగకముందే. ఇరవై ఆరేళ్ల కాపురంలో వచ్చిన మనిషి ముందు నుంచి ఆవిడ గ్లాసు తియ్యటం అదే మొదలు. "ఇక వెళ్లు బాబూ" అంది.

వాడు నా మాటే నాకు అప్పజెప్తున్నాడు, కాదనలేను. ముహూర్తమే పెళ్లి అని ఈ ఊరికి చెప్పింది నేనే. గురమ్మ పెళ్లిలో వాడు తాళి పట్టుకుని నిలబడితే, ఇంకా టైము కాలేదని చెయ్యి పట్టి ఆపింది నేనే. అప్పుడు ఆ పిల్ల తలెత్తి వాణ్ణి చూసి నవ్వింది. వాడూ నవ్వాడు. మంగళసూత్రం ముడి పడ్డప్పుడు వాళ్ల జనమంతా అక్షింతలు వేశారు. అది చూసినవాణ్ణి, అక్కడేమీ జరగలేదని చెప్పమంటే చెప్పను. ముహూర్తం తప్పు. పెళ్లి తప్పు కాదు. ఈ రెండూ ఒకే నోటితో చెప్తాను, ఎవరికి నచ్చకపోయినా సరే. తర్వాత నన్నెవరూ శుభకార్యాలకి పిలవకపోతే ఆదివారాలు పడుకుంటాను.

బావగారి మీద అలక చాలించు. ముద్దలు కలిపి పెట్టిన సంగతి ఇన్నేళ్లు దాచావు. నేను మరీ అంత మూర్ఖుణ్ణా?

అన్నయ్య


రంగత్
1974 మార్చి 28

అన్నయ్యకి,

నువ్వు మూర్ఖుడివే. ఆ మూర్ఖత్వం ఆదివారం దాకా ఎక్కడా తగ్గకూడదు.

పరీక్షలు, రాలేను. ఆయన వస్తున్నారు. వాళ్లెవరైనా మాట తప్పుగా చెప్తే, టీ దుకాణంలో అన్నది తనేనని సభలో నిలబడి చెప్తారట. నేను పంపలేదు, ఆయనే సంచీ సర్దుకున్నారు. కాస్త అన్నం పెట్టు.

ఎవరైనా అడిగితే, మా చెల్లెలి పెళ్లి కూడా అదే గడియారంతో చేశానని చెప్పు. రంగత్ వచ్చి చూసుకోమను.

శాంత


డెలానీపూర్
1974 ఏప్రిల్ 10

చిరంజీవి శాంతకి అన్నయ్య దీవెనలు.

బావగారు వచ్చి నీకు కొంత చెప్పే ఉంటారు. ఆయన చెప్పింది వదిలేసి నేను చెప్పేది విను, ఆయన అన్నీ నవ్వులాటగా చెప్తారు.

వలలు ఆరేసే చోట సభ. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఈ పద్ధతి మన సంఘం సినిమా రోజున కూడా ఉంటే బాగుండును. గురమ్మ కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పెద్ద నూకన్న నన్ను అడిగాడు, "పంతులుబాబూ, ముహూర్తం తప్పిందా నేదా?"

"తప్పింది" అన్నాను.

జనంలో గోల. అప్పలరాముడు చేతులు కట్టుకుని, పోస్టర్లో బొమ్మలా నిలబడ్డాడు.

"తప్పు నాది. నా గడియారానిది, నా పంచాంగానిది. ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో నేను పెట్టిన ప్రతి ముహూర్తమూ తప్పే. మా చెల్లెలి పెళ్లితో సహా. కాని పెళ్లిళ్లన్నీ పెళ్లిళ్లే. ముహూర్తం లేని పెళ్లి పెళ్లి కాదని సినిమా హాల్లో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సినిమా మాత్రం చెత్తదే."

అప్పలరాముడు ముందుకొచ్చాడు. "మాట మార్చితే చెల్లదు పంతులుగారూ. ముహూర్తం తప్పితే జరగనట్టే. ఆప్ హీ బోలా థా, మీరే అన్నారు."

అప్పుడు నాకు వాడి పడవ కనిపించింది. వాడి వెనకే, తాడు కట్టి ఉంది. వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త పడవ మంచి వేళకి నీళ్లలోకి దిగేటప్పుడు ఎవరి పేర కొబ్బరికాయ కొడితే పడవ వాళ్లది. కొయ్య ఎవరు కొన్నా సరే. గురమ్మ పుట్టింటి బంగారం అమ్మి చేయించిన ఆ పడవకి, అప్పలరాముడి పేర కాయ కొట్టించింది నేనే.

"నూకన్నా, ఆ పడవ ముహూర్తం కూడా నేను పెట్టిందే. అదే పంచాంగం. ముహూర్తం తప్పితే ఏదీ జరగనట్టే అంటున్నాడు. అప్పుడా పడవ ఎవరిది?"

నూకన్న గడ్డం గోక్కున్నాడు. తర్వాత కుర్రాళ్లవైపు తిరిగి, "ఎల్లి ఆ తాడిప్పండ్రా. అది ఎవుడిదీ కాదంట" అన్నాడు.

నలుగురు లేచారు. ఒకడు తాడు మీద చెయ్యి వేశాడో లేదో, అప్పలరాముడు ఖద్దరుతో సహా మోకాలి లోతు బురదలోకి దూకాడు. "అరే! మేరా నావ్ హై! నా పడవ ముట్టుకుంటే కాళ్లిరగ్గొడతాను!" రెండో ముక్కకే హిందీ అంతా పోయి వాళ్ల నాన్న భీమిలి భాష బయటికొచ్చింది.

"నీదెలాగైందిరా?" అన్నాడు నూకన్న.

"కాయ కొట్టినారు! అందరూ సూసినారు!"

"తాళి కట్టినప్పుడు సూడనేదా?"

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. ఆడవాళ్ల వైపే అనుకుంటాను. వాడు బురదలో నిలబడి పడవని చూశాడు, జనాన్ని చూశాడు. ఓట్లు కూడా లెక్కపెట్టుకుని ఉంటాడు. "సర్లే, పెళ్లి పెళ్లే" అన్నాడు.

నేను గెలిచాననుకుని కూర్చోబోయాను. అప్పుడు గురమ్మ లేచింది.

"అందరూ ఇన్నారా? పెళ్లి పెళ్లేనని ఆడి నోటితోనే అన్నాడు. మరి ఇప్పుడు నాను సెప్తన్నాను. నాకీ మొగుడొద్దు. పెళ్లే కాదంటే నాను అడగనానికి నేదు. ఆడి పెళ్లాన్నే గాబట్టి అడుగుతన్నాను. మన కులంలో ఆడది ఇడిపోనానికి ఏ తీరువుందో అది సెయ్యండి."

శాంతా, నిజం చెప్తున్నాను, నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల పెళ్లి నిలబెట్టటానికి నా ఇరవయ్యేళ్ల పరువు అక్కడ పారబోశాను. నిలబడీ నిలబడగానే తెంచేస్తోంది. విడాకుల చట్టం వచ్చినప్పుడు దేశం మునిగిపోయిందని నేను రెండు పూటలు భోజనం మానేసిన సంగతి నీకు తెలుసు. నూకన్నకీ తెలుసు కాబోలు, నావైపు తిరిగాడు. "మీరేటంటారు బాబూ? మీరు నిలబెట్టిన పెళ్లి."

గురమ్మ నన్ను చూసింది. బతిమాలుకున్నట్టు కాదు. తనకి రావలసింది నేను అడ్డుకుంటానేమో చూద్దామన్నట్టు చూసింది.

"భార్యకి ఆ హక్కు మీ కట్టుబాట్లలో ఉందా?" అన్నాను.

"మా తాతలనాటి నుంచీ ఉంది. మొగుడు ఇంకోదాన్ని తెస్తే పెళ్లాం పడవ తీసుకుని ఎల్లిపోవచ్చు."

"తాతలనాటి పద్ధతైతే నన్నెందుకు అడుగుతావు? ఇచ్చెయ్."

అప్పలరాముడు ఇంకా బురదలోనే ఉన్నాడు.

ఇప్పుడు మిగతాది. సంఘం వాళ్లు నన్ను శుభకార్యాల కమిటీ నుంచి తీసేశారు. తీర్మానం చేసి చప్పట్లు కొట్టారట. కార్యదర్శి రాజమండ్రికి ఉత్తరం రాసి దీవులకి వేరే పంచాంగం కట్టమన్నాడు. కట్టనీ. అప్పలరాముడు ఓడిపోయాడు. గెలిచినవాడూ సోషలిజం తెస్తాననే అంటున్నాడు. పంచదార ఇంకా రాలేదు.

మొన్న సోమవారం తెల్లవారేసరికి గురమ్మ గుమ్మంలో ఉంది. పడవ తన పేరు మీదికి మారింది, మళ్లీ కాయ కొట్టాలి, తమ్ముడు వేటకి తీసుకెళ్తాడట. "అమ్మా, నా ముహూర్తాలు పనికిరావని ఊరంతా తెలిసిపోయింది, ఇంకెవరినైనా చూసుకో" అన్నాను.

"ముహూర్తం ఎవులడిగినారు బాబూ? ఎనిమిదింటికి పోటు నిండుగా ఉంటాది. మీరొచ్చి కాయ కొట్టండి సాలు. ఆరోజు నిజం సెప్పిన సెయ్యి గావాల నాకు."

చొక్కా తొడుక్కున్నాను. శేషమ్మ గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు రాహుకాలం కదండీ. అది వెళ్లాక బయల్దేరకూడదూ?" అంది.

"రాజమండ్రిదా, మనదా?"

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. "రెండూనూ" అంది.

పోటు ఆగదన్నాను. జంగ్లీఘాట్ దాకా నడుస్తుంటే దారిలో సంఘం వాళ్లు కొందరు ఎదురై గడియారాలు చూసుకున్నారు. నేను నాది తీసి జేబులో వేసుకున్నాను. పడవకి పసుపు రాసి ఉంది. గురమ్మ కాయ నా చేతికిచ్చింది. ఆవిడ పేరు గట్టిగా, నూకన్న ఇంటిదాకా వినపడేలా చెప్పి కొట్టాను. వాళ్ల తమ్ముడు పడవ నీళ్లలోకి తోశాడు.

అప్పుడు రాహుకాలమే శాంతా. తెలిసే కొట్టాను.

నీ అన్నయ్య
నారాయణమూర్తి